అరవై ఆరు చుక్కలు

2003 చలికాలంలో మా ఊళ్లో మేడ మీద నిలబడి ఆ మెరుపును మొదటిసారి చూశాను. ఫలానా రోజు, ఫలానా నిమిషం, ఫలానా సెకనుకు, ఉత్తరాన ఇంత ఎత్తులో చూడమని లెక్కగట్టిన పట్టిక చేతిలో ఉంది. మొదట ఏమీ లేదు. తర్వాత మామూలు చుక్క ఒకటి దక్షిణానికి జారుతూ కనిపించింది. చూస్తుండగానే అది పెద్దదై, శుక్రుణ్ణి మించి, పైనుంచి ఎవరో అద్దం తిప్పి కంట్లోకి వెలుగు కొట్టినట్టు భగ్గుమంది. నాలుగైదు సెకన్లలో మళ్లీ చుక్కయింది, చీకట్లో కలిసిపోయింది.

ఒక రకంగా అది అద్దమే. ఉపగ్రహానికి అమర్చిన తలుపంత యాంటెన్నా పలక, వెండిపూత వల్ల నున్నగా మెరిసే పలక, ఎండను పట్టి ఆ క్షణాన మా మేడ మీదికి విసిరింది. ఆ ఉపగ్రహం పేరు ఇరిడియం. దాన్ని పైకి పంపిన కంపెనీ దివాలా తీసి అప్పటికే నాలుగేళ్లు. ఇంటాయన పోయాక కూడా ఆ ఇంట్లో ఎవరో దీపం పెడుతున్నట్టు అనిపించింది. ఆనాటి నుంచి ఆ కథ నన్ను వదల్లేదు.

కథ మొదలైంది ఒక ఇల్లాలి ఫిర్యాదుతో. 1980లలో మోటరోలా ఇంజినీరు బేరీ బర్టిగర్ భార్యతో కలిసి బహామా దీవులకు వెళ్లారు. ఆమె తన పని మీద ఊరికి ఫోన్ చేయాలి, అక్కడ సెల్‌ఫోన్ పలకలేదు. ఎక్కడి నుంచైనా పలికే ఫోన్ మీరెందుకు చేయలేరని ఆమె అడిగింది. బర్టిగర్ ఆ ప్రశ్నను అరిజోనాలోని చాండ్లర్‌కు మోసుకెళ్లి సహచరులు రేమండ్ లియోపోల్డ్, కెన్ పీటర్సన్‌ల ముందు పెట్టారు. 1987లో ఆ ముగ్గురూ గీసిన పథకం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అప్పటిదాకా మాటలు మోసే ఉపగ్రహాలు చాలావరకు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, ఒకేచోట నిలిచినట్టు ఉండేవి. అంత దూరం మాట వెళ్లి రావడానికి సమయం పట్టేది, దాన్ని అందుకోవడానికి పెద్ద గొడుగులాంటి యాంటెన్నా కావలసివచ్చేది. వీళ్లు ఉపగ్రహాన్ని 780 కిలోమీటర్లకు దించారు. అంత కిందికి దిగితే చేతిలో పట్టే ఫోన్ సరిపోతుంది, మాట ఆలస్యం కాదు. కానీ ఆ ఎత్తున ఏ ఉపగ్రహమూ ఒకచోట నిలవదు. వంద నిమిషాలకు భూమిని చుట్టేస్తుంది, మన నెత్తిమీద పది నిమిషాలైనా ఉండదు. అందుకని ఒకటి దిగిపోయేలోగా మరొకటి వచ్చి మాటను అందుకోవాలి. నేల మీద టవర్ నిలబడుతుంది, మనిషి కదులుతాడు. ఇక్కడ మనిషి నిలబడితే టవర్లే ఊరేగింపుగా కదిలి వస్తాయి. అంతటితో ఆగలేదు. ప్రతి ఉపగ్రహం తన ముందున్నదానితో, వెనకున్నదానితో, కుడి ఎడమల ఉన్నవాటితో నేరుగా మాట్లాడుతుంది. నడిసముద్రంలోని మాట నేలను తాకకుండా చేతులు మారుతూ ఖండాలు దాటుతుంది. ధ్రువాల మీద కూడా సిగ్నల్ అందుతుంది.

మోటరోలా పెద్దాయన రాబర్ట్ గాల్విన్ సరేనన్నారు. 1990 జూన్‌లో ప్రపంచానికి ప్రకటించారు. మొదటి లెక్కలో 77 ఉపగ్రహాలు కావాలి. కేంద్రం చుట్టూ 77 ఎలక్ట్రాన్లు తిరిగే మూలకం ఇరిడియం, దాని పేరే పెట్టారు. గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత, దేవతల వార్తలు మోసే దూత ఇరిస్ నుంచి వచ్చిన పేరది. తర్వాత లెక్క సరిచూసుకుంటే 66 చాలని తేలింది. 66వ మూలకం డిస్ప్రోసియం. గ్రీకులో ఆ మాటకు అందడం కష్టమని అర్థం. పేరు మార్చలేదు. ఈ కథ చదివినప్పుడల్లా నేను ఆ చోట ఆగిపోతాను.

చాండ్లర్‌లో ఉపగ్రహాలను కార్ల మాదిరిగా వరసలో పెట్టి బిగించారు. సుమారు 690 కిలోల యంత్రం, నాలుగైదు రోజులకొకటి తయారైంది. అప్పటిదాకా ఉపగ్రహమంటే ఏళ్ల తరబడి ఒక్కదాన్నే చెక్కే పని. 1997 మే 5న కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి మొదటి రాకెట్ లేచింది. అమెరికా డెల్టా, రష్యా ప్రోటాన్, చైనా లాంగ్ మార్చ్: నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు గురిపెట్టుకున్న దేశాల రాకెట్లు ఈ ఒక్క పనికి భుజం కలిపాయి. 12 నెలల 12 రోజుల్లో 72 ఉపగ్రహాలు పైకి చేరాయి. మనిషి చేతి పనుల్లో ఇది గొప్పదని నేను నమ్ముతాను.

ఆ మొదటి రాకెట్ లేవడానికి దాదాపు ఆరు నెలల ముందు, 1996 నవంబర్ 6 రాత్రి, కాకినాడ దగ్గర తుఫాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లిన బోట్లు తిరిగి రాలేదు. గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఆ చోట ఎన్నో ఇళ్లలో మగదిక్కు లేకుండా పోయింది. వేటకు వెళ్లినవాళ్లకు ఒడ్డు నుంచి కబురు చెప్పే దారి లేదు, వాళ్లు ఎక్కడున్నారో ఒడ్డుకు చెప్పే దారి అంతకన్నా లేదు. ఒక్క ఫోన్ ఉంటే అందరూ బతికేవారని నేను అనను, గాలివాన ముందు ఫోన్ ఎంత. అయినా సిగ్నల్ అందని చోట ఉన్న మనిషి అనగానే నాకు తోచేది ఆ బోట్లలోని వాళ్లే. వాళ్ల తర్వాత ఎడారిలో గొర్రెలు కాసేవాడు, మంచులో చిక్కుకున్న సిపాయి, గని దగ్గర రోజు కూలీ. ఆకాశంలో పరచిన ఆ వల వీళ్లకోసమే అన్నట్టు ఉంది. కానీ దాని వెల వీళ్లకోసం కట్టినది కాదు.

ఫోన్ ఖరీదు సుమారు 3,000 డాలర్లు. ఆనాటి మారకంలో లక్షా పాతిక వేల రూపాయలు. నిమిషం మాటకు చోటును బట్టి రెండు డాలర్ల నుంచి ఏడు డాలర్ల దాకా. ప్రకటనల మీద 14 కోట్ల డాలర్లు పోశారు. ఆ ప్రకటనలు విమానంలో చదివే పత్రికల్లో వచ్చాయి, అంటే సూటూ బూటూ వేసుకుని దేశాలు తిరిగే వ్యాపారస్తుడి కోసం. అతను దిగే ఊళ్లలో అప్పటికే టవర్లు లేచాయి. 1987లో కాగితం మీద గీత పడ్డప్పుడు ఒక దేశపు సెల్‌ఫోన్ ఇంకో దేశంలో చాలావరకు పలికేది కాదు. పదకొండేళ్లలో నేల మీది ఫోన్లు దేశాల హద్దులు దాటాయి. మన దేశంలోనే 1995 జూలై 31న కోల్‌కతా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు మొదటి సెల్‌ఫోన్ కాల్ చేశారు. టవర్లు ఊరి తర్వాత ఊరు, దారి తర్వాత దారి ఆక్రమించుకుంటూ వస్తుంటే, పైనున్నవాళ్లు తలవంచి కిందికి చూడలేదు. చూసినా అప్పటికి వెనక్కి తిరగలేనంత డబ్బు పోసేశారు.

1998 నవంబర్ 1న సేవ మొదలైంది. శ్వేతసౌధం గులాబీ తోట నుంచి ఉపాధ్యక్షుడు అల్ గోర్ మొదటి కాల్ చేశారు. అవతల పలికినది టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ మునిమనవడు గిల్బర్ట్ గ్రోవ్నర్. వంశం పేరు, దేశం పేరు, ఆకాశం అన్నీ ఒకచోట కలిసిన రోజది. తోటలో మాట్లాడటమే సరైన పని కూడా, ఎందుకంటే ఆ ఫోన్ గదిలో పలకదు. ఉపగ్రహానికీ యాంటెన్నాకూ నడుమ ఏదీ అడ్డు ఉండకూడదు. కప్పు అడ్డు, కారు అడ్డు, ఎత్తైన మేడ అడ్డు. అరకిలో బరువు, ఇటుకంత లావు, చేతికర్రలాంటి యాంటెన్నా. వ్యాపారస్తుడు హోటల్ గదిలో కూర్చుని మాట్లాడలేడు, వీధిలోకి రావాలి. వీధిలోకి వచ్చాక జేబులో చిన్న సెల్‌ఫోన్ ఉండనే ఉంది. బోటు మీద మాత్రం నెత్తిన కప్పు లేదు. సముద్రం మీద ఏ మేడా అడ్డు రాదు.

1999 మార్చి చివరికి కనీసం 27,000 మంది చందాదారులను చూపిస్తామని బ్యాంకులకు మాట ఇచ్చారు. చేరినవాళ్లు పదివేల చిల్లర. ఆ మూడు నెలల్లో రాబడి 14.5 లక్షల డాలర్లు, నష్టం 50 కోట్ల డాలర్లకు పైన. ఏప్రిల్‌లో కంపెనీ అధినేత ఎడ్వర్డ్ స్టయానో తప్పుకున్నారు. ఏడాది కిందట 70 డాలర్లు దాటిన షేరు నేల చూపులు చూసింది. వేసవిలో ధరలు బాగా తగ్గించారు. అదే పని మొదటి రోజు చేసి, దాన్ని పడవలవాళ్ల దగ్గరికీ గనులవాళ్ల దగ్గరికీ తీసుకెళ్లి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. 500 కోట్ల డాలర్ల అప్పూ పెట్టుబడీ నెత్తిమీద ఉన్నవాడికి పేదవాడి దగ్గర ఆగే తీరిక ఉండదు. ఆగస్టు 13న న్యాయస్థానంలో దివాలా పిటిషన్ పడింది.

ఆ దెబ్బ మన దాకా వచ్చింది. ఇరిడియం ఇండియాలో మన ఆర్థిక సంస్థలు దాదాపు 7 కోట్ల డాలర్లు పెట్టాయి. ఉపగ్రహాల మాటను నేల ఫోన్లకు కలిపే కేంద్రం పుణె దగ్గర వెలసింది. మనది కూడా ఆ ఆకాశంలో ఒక వాటా ఉందనుకున్న రోజులవి. డబ్బు మునిగాక, లేని సత్తా ఉందని చూపి మాతో పెట్టుబడి పెట్టించారంటూ ఇరిడియం ఇండియా మోటరోలా మీద పుణెలో క్రిమినల్ ఫిర్యాదు చేసింది. 2003లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2010 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. జస్టిస్ నిజ్జర్‌తో పాటు ఆ ధర్మాసనంలో కూర్చున్నది రంగారెడ్డి జిల్లాకు చెందిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. కంపెనీకి మనసు లేదు కాబట్టి మోసపు తలంపు అంటగట్టలేమనే వాదం చెల్లదని, నడిపించేవాళ్ల తలంపే కంపెనీ తలంపని ఆ తీర్పు తేల్చింది. మోసం జరిగిందా లేదా అన్నది ఆ తీర్పు చెప్పలేదు. న్యాయశాస్త్రం చదివే మన పిల్లలకు ఇరిడియం అంటే ఫోన్ కాదు, ఈ కేసు.

2000 మార్చి 17. ఆ రాత్రి సేవ ఆపేశారు. కిందనున్నవాళ్లకు ఫోన్ మూగబోయింది. పైన మాత్రం ఏదీ ఆగలేదు. 66 ఉపగ్రహాలూ వంద నిమిషాలకొకసారి భూమిని చుడుతూ, పక్కనున్నవాటిని పలకరిస్తూ, ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కిందికి దించి గాలిలో కాల్చేయాలని మోటరోలా పథకం వేసింది. స్వర్గంలో చోటు లేక, నేల మీదికి రాలేక తలకిందులుగా వేలాడిన త్రిశంకు కథ మనకు తెలుసు. అతనికైనా విశ్వామిత్రుడు ఉన్నాడు. వీటికి ఆ తర్వాతి తొమ్మిది నెలలు యజమాని ఉండీ లేనట్టే.

ఎవరినైనా నిందించాలంటే ఇంజినీర్లను మాత్రం నిందించకండి. ఆ ఉపగ్రహాల ఆయుష్షు ఐదు నుంచి ఎనిమిదేళ్లని గీసుకున్నారు. వాటిలో చాలా భాగం ఇరవై ఏళ్ల దాకా పనిచేశాయి. కట్టినవాళ్ల చేతిలో లోపం లేదు.

చివరికి పాన్ యామ్ విమాన సంస్థకు ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన డాన్ కొలూసీ అనే ఆయన, వాటిని కాల్చేయకుండా పట్టుబట్టి అడ్డు నిలిచారు. 2000 డిసెంబర్‌లో అమెరికా రక్షణశాఖ రెండేళ్లకు 7.2 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. 500 కోట్ల డాలర్లు దాటిన ఆస్తిని ఆయన బృందం 2.5 కోట్లకు కొన్నది. రూపాయి సరుకు అర పైసాకు పోయినట్టు. అప్పు తీరిపోయింది, అంటే అప్పిచ్చినవాళ్లూ షేరు కొన్నవాళ్లూ దాన్ని తమ నెత్తిన వేసుకున్నారు. ఆ బరువు దిగాక ఇరిడియం అసలు మనుషులను వెతుక్కుంది: నావికులు, సిపాయిలు, అంటార్కిటికా శాస్త్రవేత్తలు, తుఫాను తర్వాత టవర్లు కూలిన ఊళ్లలో సాయానికి దిగినవాళ్లు. మొదట వెళ్లవలసిన గడపకు అది చివర చేరింది. మన వేట బోటుకు మాత్రం అప్పుడూ చేరలేదు. మన దేశంలో శాటిలైట్ ఫోన్ ఉంచుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. అది లేకుండా తెచ్చుకుంటే నేరం.

2009 ఫిబ్రవరి 10న సైబీరియా మీద ఇరిడియం 33, పనిచేయని రష్యా ఉపగ్రహం కాస్మోస్ 2251ని ఢీకొంది. చెక్కుచెదరని రెండు ఉపగ్రహాలు అలా గుద్దుకోవడం అదే మొదటిసారి. రెండూ వేల ముక్కలయ్యాయి. 2017 నుంచి 2019 దాకా కొత్తవి 75 పైకి వెళ్లాయి. వాటికి ఆ అద్దపు పలకలు లేవు. పాతవాటిని ఒక్కొక్కటిగా కిందికి దించి కాలిపోనిచ్చారు. పట్టికలు అక్కరలేని రోజు వచ్చింది.

అన్నీ దిగలేదు. పనిచేయకుండా ఆగిపోయిన పాతవి కొన్ని, ఎవరి మాటా వినకుండా, పల్టీలు కొడుతూ ఇంకా అదే ఎత్తున తిరుగుతున్నాయి. ఎప్పుడో ఒకసారి వాటి పలక ఎండకు తగిలి కిందికి మెరుస్తుంది. అది ఏ రోజు, ఏ ఊరి మీద, ఏ బోటు మీద అన్నది సెకను దాకా లెక్కగట్టి చెప్పగలవాళ్లు ఇప్పుడు లేరు.