ముగ్గురిలో మేటి ఎవరు?

గచ్చిబౌలి అంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసులే కాదు, బ్యాడ్మింటన్ కూడా. నలుగురు క్రీడాభిమానులు కలిస్తే వచ్చే ప్రశ్నే ఇది: గోపీచంద్, సైనా, సింధులలో ఎవరు గొప్ప?

స్కోర్లు పక్కపక్కన పెట్టి తేల్చలేం. 2001 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. అప్పట్లో సర్వీసు చేసేవారికే పాయింటు. 2006లో ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చే 21 పాయింట్ల గేము మొదలైంది. 2019 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు ఒకుహారాపై 21-7, 21-7తో గెలిచింది ఈ కొత్త పద్ధతిలోనే.

ఇక మిగిలింది, ఎవరి కాలంలో వారు ఏం సాధించారన్నది. బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి ఒలింపిక్ పతకం 2012లో లండన్‌లో సైనా తెచ్చిన కాంస్యం. 2015లో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. సింధుకు రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, పైగా ప్రపంచ టైటిల్. క్రీడాకారిణిగా నా ఓటు సింధుకే.

కానీ లండన్, రియో పతకాల వేళ కోచ్ గోపీచందే. ఆయనకూ, చిన్ననాటి సైనాకూ శిక్షణ ఇచ్చినవారు ఎస్.ఎం. ఆరిఫ్. పతకాల పట్టికలో గురువుల పేర్లుండవు. చరిత్ర రాసేటప్పుడు మాత్రం వాటిని వదిలేయకూడదు.