నేల మీద గుడ్డు పెట్టే పక్షి కోసం

సంచీ తెరిచి చూపించమంటోంది గేటు దగ్గర నిలబడ్డ పెద్దావిడ. జిప్పు లాగాను. శాలువా, మంచినీళ్ల సీసా, కర్నూలు నుంచి తెచ్చిన బుడ్డల ఉండల డబ్బా. ఆవిడ శాలువా మడతలు విప్పింది, డబ్బా ఎత్తి కింద చూసింది, పక్క జేబులు కూడా తడిమింది. వెతుకుతున్నది ఎలుక కోసం.

"అత్తా, బూట్ల అడుగులు కూడా బ్రష్‌తో దులుపుకో. గడ్డిగింజ ఒక్కటి అంటుకున్నా లోపలికి పోగూడదు" అంది మా మేనకోడలు. తను న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఇదే తంతు కాబట్టి నాకంటే ముందే వంగి లేసుల మధ్య దులుపుకుంటోంది.

మొదటి తలుపు మా వెనక మూసుకుంది. అది మూసుకున్నాకే రెండోది తెరుచుకుంది. మార్చి నెలాఖరు, అంటే ఇక్కడ శరదృతువు. సాయంత్రం ఆరున్నర. ఈ ఊరి గాలికి పెద్ద పేరు. పొద్దుటి నుంచీ చెంగు నిలవనివ్వలేదు. లోయలోకి నాలుగడుగులు వేశామో లేదో ఆ గాలి కొమ్మల పైనే ఉండిపోయింది. కింద తడిమన్ను వాసన, ఫెర్న్ ఆకుల వాసన.

ఇది జీలాండియా. ఇక్కడి మూలవాసుల మావోరీ భాషలో తె మారా ఆ తానే, అంటే అడవి దేవుడు తానే తోట. నగరం నడిబొడ్డు నుంచి కారులో పది నిమిషాల దూరం. 225 హెక్టార్లు, మన లెక్కలో 550 ఎకరాల పైచిలుకు. ఒకప్పుడు ఊరికి తాగునీరిచ్చిన లోయ. కింది ఆనకట్ట 1878 నాటిది, పైది 1908 నాటిది. భూకంపాల పగులు ఈ దారినే పోతోందని తెలిశాక ఇక్కడి నుంచి తాగునీరు తీసుకోవడం మానుకున్నారు. అలా వదిలేసిన లోయ చుట్టూ 1999లో 8.6 కిలోమీటర్ల కంచె పూర్తిచేశారు. నగరంలో ఇలా పూర్తిగా కంచె వేసి జీవజాతులను తిరిగి తెచ్చిన అడవి ప్రపంచంలో ఇదే మొదటిది.

కంచె దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టాను. ఎత్తు 2.2 మీటర్లు. జాలీ కన్నాల్లో నా చిటికెన వేలు దూరలేదు. పైన స్టీలు రేకును బయటివైపుకు వంచి టోపీలా బిగించారు. పాకుతూ వచ్చిన పిల్లికి అక్కడ పట్టు దొరకదు, జారి కిందపడుతుంది. అడుగున జాలీ నేలలోకి దిగి బయటివైపుకు పరుచుకుని ఉంటుంది కాబట్టి తవ్వే జంతువుకూ దారి లేదు. కట్టకముందు నిజమైన పిల్లులతో, బయటి నుంచి వచ్చిన స్టోట్, పోసమ్ అనే జంతువులతో పరీక్ష పెట్టి, ఏది ఎంత ఎత్తు ఎగురుతుందో చూసి మరీ ఈ నమూనా ఖాయం చేశారు. చిట్టెలుకను మాత్రం ఇది కూడా పూర్తిగా ఆపలేకపోయింది. ఏటా మందు పెట్టి వాటి సంఖ్య పెరగకుండా చూసుకుంటున్నారు.

ఎందుకింత పట్టుదల? మనుషులు రాకముందు న్యూజిలాండ్‌లో గబ్బిలాలు తప్ప నేలమీద పాలిచ్చే జంతువే ఉండేది కాదు. లక్షల ఏళ్లు ఇక్కడి పక్షులు ఆకాశంలో గద్దకు భయపడ్డాయి గానీ నేల మీద దేనికీ భయపడలేదు. ఎగరడం మానేసినవి కొన్ని, నేలమీదే గుడ్లు పెట్టేవి కొన్ని. ప్రమాదం వస్తే కదలకుండా నిలబడిపోవడమే వాటికి తెలిసిన రక్ష. మావోరీల పడవల్లో ఒక రకం ఎలుక వచ్చింది, యూరప్ ఓడల్లో ఇంకో రెండు రకాలు వచ్చాయి. బొచ్చు వ్యాపారానికని ఆస్ట్రేలియా నుంచి పోసమ్‌ను తెచ్చారు. కుందేళ్లను తగ్గించడానికని 1880ల్లో స్టోట్‌ను వదిలారు. స్టోట్ మన ముంగిస కంటే చిన్నది, వాసన పట్టి వేటాడుతుంది. కదలకుండా నిలబడ్డ పక్షి దానికి వడ్డించిన విస్తరి.

క్యారుమని ఒక అరుపు, తల మీదుగా. పైకి చూశాను. గోధుమ రంగు, రెక్క కింద నిప్పురంగు. కాకా చిలుక. మేతపెట్టె ముందున్న మీటమీద కాలు మోపింది, దాని బరువుకే మూత లేచింది. లోపలి నుంచి ఒక గుళిక తీసుకుని కాలితో పట్టుకుని నిదానంగా తింటోంది. కాళ్లకు రంగు కడియాలు. ఆ రంగుల వరస చూసి ఏ గూటి పిల్లో, ఏ ఏడు పుట్టిందో చెబుతారు. 2002లో ఆరు పక్షులతో మొదలుపెట్టారు. ఇప్పటికి వెయ్యికి పైగా పక్షులకు కడియాలు వేశారు.

"మా బాల్కనీకి కూడా వస్తాయత్తా. పొద్దున్నే ఒకటే గోల" అంది మేనకోడలు.

ఈ కంచె పక్షులను లోపల ఉంచడానికి కట్టింది కాదు. పైన కప్పు లేదు. కాకా, టూయీ లాంటి పక్షులు తమ ఇష్టం వచ్చినట్టు ఊళ్లోకి పోతాయి, వస్తాయి. దాటి వెళ్లాక వాటి బతుకు ఊరివాళ్ల చేతిలో ఉంటుంది. పాత ఇళ్ల కప్పుల్లోని సీసం మేకులు కొరికి విషమెక్కిన కాకాలున్నాయి, పిల్లి నోటపడినవి ఉన్నాయి.

గట్టు పక్క గడ్డిలో నీలం కదిలింది. టకాహే! మన చెరువు గట్లమీద తిరిగే నీలి బొల్లికోడికి వరసకు అన్న, కాకపోతే బాతు కంటే పెద్దది, ఎగరలేదు. ఎర్రటి ముక్కుతో గడ్డిపోచను మొదలంటా పీకింది. కాలితో పట్టుకుని, తెల్లగా ఉన్న మొదలు మాత్రం కొరికి తిని, మిగతా పోచను వదిలేసింది. మళ్లీ ఇంకో పోచ. మాకు మూడు బారల దూరంలో, మేము ఉన్నామన్న ధ్యాసే లేకుండా. గుడ్లు పెట్టే ఈడు దాటిన జతలకు ఇక్కడ చోటిస్తారు. ఈ జాతి పోయిందనే అందరూ అనుకున్నారు. 1948లో జెఫ్రీ ఆర్బెల్ అనే వైద్యుడు దక్షిణ దీవి కొండల్లో మళ్లీ కనిపెట్టాడు.

ఆ సంగతి తలుచుకుంటే మా కడప లంకమల గుర్తొచ్చింది. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివి కోడి 1986లో అక్కడే దొరికింది. ఆ వెంటనే మా నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం, 6.14 చదరపు కిలోమీటర్లు. అదీ నేలమీద, సాధారణంగా ఒక్క గుడ్డే పెట్టే పక్షి. చుట్టూ గడ్డినేలలు సాగులోకి పోయాయి, కుక్కలు తిరిగాయి. కృష్ణజింకలు మిగిలాయి, బట్టమేకలు దాదాపు మాయమయ్యాయి. టకాహే గడ్డి పీకుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

చీకటి పడింది. మాతో వచ్చిన స్వచ్ఛంద సేవకురాలు ఎర్ర దీపాలు పంచింది. తెల్ల వెలుగు ఇక్కడి రాత్రి జీవులకు ఇబ్బంది. ఫోన్లు లోపల పెట్టేశాం. మట్టిగట్టు కన్నం ముందు టువటారా కూర్చుని ఉంది. చూపుకు బల్లి, కానీ బల్లి కాదు. డైనోసార్ల కాలంనాటి ఒక వంశంలో మిగిలిన ఆఖరి జాతి. నూరేళ్లు బతకగలదు. 2005లో స్టీఫెన్స్ దీవి నుంచి 70 టువటారాలను తెచ్చి వదిలారు. అప్పటికి ప్రధాన భూభాగం మీద ఇవి స్వేచ్ఛగా తిరిగి 200 ఏళ్లు దాటింది. 2009లో ఇక్కడే పుట్టిన పిల్ల కనిపించింది. ఎర్ర వెలుగులో దాని గొంతు కింద చర్మం ఒక్కటే కదులుతోంది.

ఇంకాస్త ముందుకు. గట్టు వారన మిణుకు పురుగులు ఆకుపచ్చగా చుక్కలు పెట్టినట్టు. ఎక్కడో రూరూ గుడ్లగూబ. ఆవిడ చెయ్యెత్తింది. అందరం ఆగాం.

ఈలలాంటి కేక, ఒకదానిమీద ఒకటి పైకి లేస్తూ, కొండవాలు మీంచి. మగ కివీ. అది ఆగాక ఎండాకుల్లో చప్పుడు, అది కూడా దగ్గర్లోనే. బుస్ బుస్‌మని ముక్కు చీదినట్టు. కివీ ముక్కుపుటాలు ముక్కు కొసన ఉంటాయి. మట్టిలో గుచ్చి వాసన చూసి, దుమ్ము చీదేస్తుంది. గుండ్రటి బూడిదరంగు ముద్ద ఒకటి దారి అంచుకు వచ్చింది. చిన్న చుక్కల కివీ, కోడిపెట్టంత. 2000లో కపిటి దీవి నుంచి ఇక్కడికి తెచ్చిన వాటి సంతానం. ఒకసారి ముక్కు గుచ్చింది, రెండోసారి గుచ్చింది, ఏదో దొరికింది, మింగింది. నా బూటుకు బారెడు దూరంలో దారి దాటి ఫెర్న్‌లలోకి వెళ్లిపోయింది. మేనకోడలు నా మణికట్టు పట్టుకుని ఉందని అప్పుడు తెలిసింది.

తిరిగి వస్తూ ఆ సేవకురాలు లెక్క చెప్పింది. ఈ ఆలోచన జిమ్ లించ్‌ది, ఆయన పెట్టుకున్న గడువు 500 ఏళ్లు. వలస వచ్చినవాళ్లు ఈ లోయ అడవిని నరికి కాల్చి పచ్చిక వేశారు. రిము, మతాయి చెట్లు మళ్లీ అడవిలా నిలబడాలంటే అంత కాలం పడుతుంది. ఇప్పుడు మొక్కలు నాటేవాళ్లెవరూ ఆ అడవిని చూడరు. అయినా వంతులవారీగా వచ్చి నాటుతున్నారు, కంచె వెంట నడిచి తనిఖీ చేస్తున్నారు. ఊరి పశ్చిమాన కొండల్లో వేల బోనులు పెట్టి స్టోట్లను పట్టి, 2022 నవంబరులో 11 కివీలను వదిలారు. అక్కడ కంచే లేదు.

గేటు దగ్గర బుడ్డల ఉండలు పంచాను. ఆవిడ రెండు తీసుకుంది.

మన దగ్గర గడ్డినేలను ఇంకా బంజరు అనే రాస్తున్నాం. చెట్టు లేకపోతే పనికిరాని నేల అని లెక్కగట్టి పరిశ్రమకో, సోలార్ పలకలకో ఇచ్చేస్తున్నాం. నేలమీద గుడ్డు పెట్టే పక్షికి అదే ఇల్లు. మీ మండలంలో అలాంటి నేల మిగిలి ఉంటే, దాన్ని బంజరు అనకండి, అననివ్వకండి.