బాల్యం చదువు, నేరం చదువు ఎక్కడ కలిశాయి?



మా బడిలో చదివిన ఒక అమ్మాయి తల్లిగారు ఆ మధ్య ఇంటికి వచ్చి తమ సందేహం చెప్పారు. "మాస్టారూ, పిల్ల యూనివర్సిటీలో నేరశాస్త్రం చదువుతానంటోంది. దానితోపాటు బాల్యం, యౌవనం గురించిన చదువు కూడా ఉంటుందట. పసిపిల్లలకూ నేరాలకూ ఏం సంబంధమండీ? ఇది పోలీసు చదువా, టీచరు చదువా?" అన్నారు. అప్పటికి ఏదో జవాబు చెప్పి పంపాను గాని, అది చాలదని నాకే అనిపించింది. ఆ సంబంధానికి నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో మన పాత మద్రాసు రాజధాని పాత్ర చిన్నది కాదు.

మన దేశంలో చట్టం ముందు వచ్చింది, శాస్త్రం తరువాత వచ్చింది. 1850 నాటి అప్రెంటిసుల చట్టం చిన్న నేరాలు చేసిన పిల్లలను, అనాథలను జైలుకు బదులు ఏదో ఒక వృత్తి నేర్చుకోవడానికి అప్పగించే వీలు కల్పించింది. 1860లో భారత శిక్షాస్మృతి ఏడేళ్ల లోపు బిడ్డ చేసినది నేరమే కాదన్నది. ఏడు, పన్నెండేళ్ల మధ్యవాడైతే తాను చేసిన పనిని గ్రహించగల పరిపక్వత వానికి ఉన్నదో లేదో చూడమన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఈ నియమాన్నే నిలుపుకున్నది. ఆ పరిపక్వతను కొలవడం ఎవరి పని? లా పుస్తకం చదివితే అది తెలియదు. పిల్లలను దగ్గరగా చూసినవారికే తెలుస్తుంది. రెండు చదువులూ కలవవలసిన అవసరం అక్కడే పుట్టిందని నా అభిప్రాయం.

బ్రిస్టల్ నగరంలో దారితప్పిన పిల్లలకు బడులు నడిపిన మేరీ కార్పెంటర్ 1866లో భారతదేశానికి వచ్చి కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలు చూశారు. సంస్కరణ పాఠశాలల చట్టం 1876లో వచ్చి, 1897లో మార్పులకు లోనైంది. నేరం రుజువైన పదిహేనేళ్ల లోపు బాలుని జైలుకు పంపక, మూడు నుండి ఏడేళ్ల వరకు బడిలో ఉంచవచ్చునన్నది దాని సారాంశం. చెంగల్పట్టులో అటువంటి పాఠశాల 1887లో వెలసింది. ఆ ఊరి మీదుగా మనం ఎన్నిసార్లు రైలులో వెళ్లి ఉంటాం! 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. దేశంలో ఆ తరహా చట్టాలలో అదే మొదటిది. నేటి కోస్తాంధ్ర, రాయలసీమ అప్పుడు ఆ రాజధానిలోనివే.

అయితే ఈ కథకు చీకటి ముఖం ఒకటి ఉంది. దానిని దాటవేసి బాలల సంస్కరణ గురించి గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. కొన్ని కులాల వారు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం భావించింది. ఆ కుటుంబాలలో ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి బడులలో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఏ తప్పూ చేయని పిల్లల సంగతి ఇది! సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం ఆ కాలపు స్థావరాలలో ఒకటి. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952లోను ఆ చట్టం పోయింది గాని, పేరుకు అంటిన మచ్చ పోలేదు. 1991లో కూడా ఆ ఊరి పేరుతో పోలీసుల సినిమా వచ్చిందంటే మీరే ఆలోచించండి. 'వాళ్ల పిల్లవాడు కదా, అంతే' అనే మాట మన స్టాఫ్ రూములలో నేను వినకపోలేదు. ఒకప్పుడు నేనూ అన్నాను.

శాస్త్రం వైపు చూస్తే, 1899లో అమెరికాలోని చికాగోలో పిల్లలకు ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడింది. 1909లో విలియం హీలీ అనే వైద్యుడు అక్కడికి వచ్చే పిల్లలను ఒక్కొక్కరిగా పరీక్షించే సంస్థను నడపసాగాడు. 1930లో క్లిఫర్డ్ షా ఒక నేరస్థ బాలుని ఆత్మకథను అతని మాటలలోనే ప్రచురించాడు. బాల్యమనే భావనకే చరిత్ర ఉన్నదని ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఆరియెస్ 1960లో వాదించాడు. ఆ వాదాన్ని తరువాతి వారు చాలావరకు ఖండించారు గాని, ప్రశ్న మాత్రం నిలిచింది. మన దేశంలో సాగర్ విశ్వవిద్యాలయం 1959లోను, మద్రాసు విశ్వవిద్యాలయం 1983లోను నేరశాస్త్రానికి ప్రత్యేక శాఖలు తెరిచాయి. నేరం ఒక్కటే చదివినవారికి పిల్లవాడు చిన్న సైజు దొంగలా కనబడతాడు. బాల్యం ఒక్కటే చదివినవారు జైలు గోడ దాకా వచ్చి ఆగిపోతారు.

తరువాతి చట్టాలను క్లుప్తంగా చెబుతాను. 1986 చట్టం బాలురకు పదహారు, బాలికలకు పద్దెనిమిది ఏళ్లు హద్దుగా పెట్టింది. 2000లో ఇద్దరికీ పద్దెనిమిది అయింది. 2015 చట్టం ప్రకారం, పదహారు నిండిన వారు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ వస్తే, వారి మానసిక స్థితిని బాలల న్యాయ మండలి ముందుగా అంచనా వేయాలి. పెద్దవారిలా విచారించడం ఆ అంచనాను బట్టి ఉంటుంది. 1860లో వేసిన ప్రశ్నే మళ్లీ మన ముందుకు వచ్చింది.

ఇప్పుడు మనకు సంబంధించిన మాట. విచారణలో వాడే భాష పిల్లవానికి అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయడం మండలి బాధ్యతలలో ఒకటి. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో ఇంట్లో తెలుగు తప్ప మరొకటి వినని బిడ్డ అక్కడ నిలబడి, అడిగినది తెలియక తలూపితే, అతని పరిపక్వతను ఎవరు ఎలా అంచనా వేస్తారు? మండలిలో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. వారిలో ఒకరు మహిళ అయి తీరాలి. పిల్లల విద్యారంగంలో కనీసం ఏడేళ్లు చురుకుగా పనిచేసిన వారు కూడా ఆ స్థానాలకు అర్హులే. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు ఈ సంగతి మొన్ననే తెలిసింది.

ఆ తల్లిగారికి ఈ ఆదివారం మళ్లీ కబురు చేశాను. అమ్మాయిని కూడా వెంట తీసుకురమ్మన్నాను.