యాస లేని యాస

మన ఫీల్డులో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు "యాక్సెంట్ న్యూట్రలైజేషన్" క్లాసు తగిలే ఉంటుంది. రెండ్రోజులు ఏసీ గదిలో కూర్చోబెట్టి 'వాటర్' ఎలా అనాలో, 'షెడ్యూల్' ఎలా అనకూడదో చెప్తారు. నాకు మొదట్నుంచీ ఒకటే అనుమానం. న్యూట్రల్ అంటే ఎవరి యాస? దాన్ని ఏ ఊళ్ళో మాట్లాడతారు? జవాబు ఐటీలో దొరకలేదు గానీ నాటకాల చరిత్రలో దొరికింది. ఈ క్లాసులు మనకంటే చాలా ముందే స్టేజి నటులకి చెప్పారు మరి.

మొదట్లో అవసరం నిజమైనదే. మైకుల్లేవు. గొంతు చెడకుండా ఆఖరి వరస దాకా మాట వినపడాలి. 1906లో ఎల్సీ ఫోగర్టీ అనే ఆవిడ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో సెంట్రల్ స్కూల్ పెట్టి ఊపిరి ఎలా పట్టాలో, మాట ఎలా పలకాలో నేర్పింది. లారెన్స్ ఒలీవియే అక్కడ చదివినవాడే. చిక్కెక్కడంటే, అప్పటి ఇంగ్లీషు స్టేజి మీద 'వినపడేలా మాట్లాడు' అన్న పాఠంలో 'పెద్దింటివాళ్ళలా మాట్లాడు' అన్న పాఠం కూడా కలిసిపోయింది.

ఆ పెద్దింటి యాస పేరు చూడండి. ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ 1917 నాటి తన ఉచ్చారణ నిఘంటువులో దాన్ని "పబ్లిక్ స్కూల్ ప్రొనన్సియేషన్" అన్నాడు. (అక్కడ పబ్లిక్ స్కూల్ అంటే సర్కారు బడి కాదు, డబ్బున్నవాళ్ళ పిల్లల హాస్టల్ స్కూలు.) 1926 ఎడిషన్‌కి అది "రిసీవ్డ్ ప్రొనన్సియేషన్" అయింది. సరుకు అదే, లేబుల్ మారింది. అది ఎవరి యాసో చెప్పే ముక్క మాత్రం పేరులోంచి ఎగిరిపోయింది.

అమెరికా కథ ఇంకా తమాషా. విలియం టిలీ అనే ఆయన 1918లో కొలంబియా యూనివర్సిటీకి వచ్చి "వరల్డ్ ఇంగ్లీష్" అని ఒకటి నేర్పాడు. ఆయన శిష్యురాలు ఈడిత్ స్కిన్నర్ 1937 నుంచి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్‌లో, తర్వాత న్యూయార్క్ జూలియార్డ్‌లో ఆ బాణీనే "గుడ్ అమెరికన్ స్పీచ్" పేరుతో నటులకి నేర్పింది. 1942లో వచ్చిన ఆవిడ పుస్తకం 'స్పీక్ విత్ డిస్టింక్షన్' తరాల తరబడి నటులకి పాఠ్యపుస్తకం. ఆ బాణీలో 'కార్', 'ఫాదర్' చివర 'ర్' పలకరు. అమెరికాలో ఎక్కువమంది పలుకుతారు! అన్నట్టు, ఈ మంచి అమెరికన్ మాటకి గురువుగారిది ఆస్ట్రేలియా, శిష్యురాలు పుట్టింది కెనడాలో :)

1973లో రాబిన్ విలియమ్స్ జూలియార్డ్‌లో చేరాడు. అతను ఏ యాస అడిగితే ఆ యాస అప్పటికప్పుడు దింపేస్తుంటే స్కిన్నర్‌కి ఏం చెయ్యాలో తోచలేదట. చెప్పింది క్లాస్‌మేట్ క్రిస్టఫర్ రీవ్, అదే మన సూపర్‌మ్యాన్.

గొంతుకీ యాసకీ పడ్డ ముడి విప్పినవాళ్ళలో ముఖ్యురాలు సిసిలీ బెర్రీ. 1969లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరింది. నటుల్ని డైలాగు చెప్తూ నడవమని, కామా, ఫుల్‌స్టాప్ వచ్చినప్పుడల్లా దిక్కు మార్చమనేది. ఆలోచన ఎక్కడ మలుపు తిరుగుతోందో కాళ్ళకే తెలిసిపోతుంది. సొంత యాసని చెరపడం ఆ పద్ధతిలో భాగం కాదు. 1992లో బ్యారీ రటర్ నార్తర్న్ బ్రాడ్‌సైడ్స్ అనే బృందం పెట్టి, షేక్‌స్పియర్ రాజుల చేత కూడా ఉత్తర ఇంగ్లాండ్ యాసలోనే మాట్లాడించాడు.

2004లో అసలు మెలిక బయటపడింది. లండన్ గ్లోబ్ థియేటర్లో భాషావేత్త డేవిడ్ క్రిస్టల్ సాయంతో 'రోమియో అండ్ జూలియట్'ని షేక్‌స్పియర్ కాలపు ఉచ్చారణని అంచనా కట్టి ఆడారు. అందులో 'ర్' గట్టిగానే వినపడుతుంది. అంటే ఈ ఒక్క విషయంలో 'వాటర్' అని ఉన్నదున్నట్టు పలికే మన గుడివాడ కుర్రాడు, పబ్లిక్ స్కూల్ దొరకంటే షేక్‌స్పియర్‌కే దగ్గర.

నవ్వుకోవచ్చు గానీ, మనమూ తక్కువ తినలేదు. మన సినిమాల్లో హీరోకి కృష్ణా, గోదావరి జిల్లాల మాట, కమెడియన్‌కో రౌడీకో తెలంగాణ యాసో శ్రీకాకుళం యాసో ఎన్నేళ్ళు పెట్టాం? అది 'మామూలు తెలుగు' అని ఎవరు తేల్చారు?

మా టీమ్‌లో అందరికంటే బాగా కోడు రాసే ఒకతన్ని మాట బాలేదని క్లయింటు కాల్స్‌కి దూరం పెట్టారు. అతను చెప్పింది అర్థం కాలేదని ఒక్కరూ అనలేదు. అప్రైజల్లో మాత్రం 'కమ్యూనికేషన్' కింద మార్కులు పోయాయి. ఇది చరిత్ర పాఠం కాదండీ, జీతం సంగతి.

అందుకే నా లెక్కలో ఇవి రెండు వేరే క్లాసులు. తొందరపడకుండా, వాక్యం చివర మింగెయ్యకుండా, ముఖ్యమైన మాట మీద బరువు పెట్టి మాట్లాడటం ఫోగర్టీ నుంచి బెర్రీ దాకా అందరూ నేర్పిన విద్య. అది ఎవరు నేర్పినా ముందు బెంచీలో కూర్చుంటాను. రెండో క్లాసు చెప్పేవాళ్ళని మాత్రం ఒక్కటడగండి: "ఇది ఎవరి యాసండీ?" పేరు చెప్తే నేర్చుకోవచ్చు, అవసరమైనప్పుడు వాడుకోవచ్చు. న్యూట్రల్ అంటే మాత్రం ఒప్పుకోకండి.