పది మాటలు, ఎనిమిదేళ్లు



పోయిన నెల మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. నాకు డ్యూటీ పడింది, మా ఆవిడ మైకేకి వెళ్లి ఉంది. అమ్మీని పంపించాను. స్కూల్ పేరు వద్దు లెండి. అక్కడ టీచరమ్మ ఇంగ్లీషులో ఏవో నాలుగు మాటలు అడిగింది. అమ్మీకి కొంచెం అర్థమైంది గానీ జవాబు నోటికి రాలేదు. ఆమె తెలుగులోకి దిగి, “ఈసారి ఇంగ్లీష్ వచ్చినవాళ్లని పంపండి” అంది. అమ్మీ ఇంటికొచ్చి బుర్ఖా తీసి మంచమ్మీద కూర్చుంది. చాయ్ ఇస్తే తాగలేదు. చాలాసేపటికి, “మై జాహిల్ హూఁ క్యా రే బేటా?” అని అడిగింది.

ఆమె ఇంట్లో మాట్లాడేది మన దక్కనీ. గుడ్డల దుకాణంలో బేరమాడేది తెలుగు, అదీ మా కర్నూలు యాసలో. ఫజర్ తర్వాత ఖుర్ఆన్ తజ్వీద్‌తో చదువుతుంది. ఉర్దూ రిసాలాలు కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతుంది. మూడు జుబాన్‌లు, మూడు లిపులు నడిపే మనిషి నాలుగోది రాలేదని తనను తాను జాహిల్ అనుకుంది. నేనా సమయానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ మజ్మూన్ ఆ జవాబే అనుకోండి.

ముందు ఒక విషయం యాద్ చేసుకోవాలి. ఇంగ్లీషువాళ్లు మనకు పాఠం చెప్పకముందు వాళ్లకు పాఠం చెప్పింది మనవాళ్లే. 1800లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీ పెట్టాడు. విలాయత్ నుంచి దిగిన కుర్ర దొరలకు ఈ ముల్కు భాషలు నేర్పడానికి. హిందుస్తానీ శాఖకు పెద్ద గిల్‌క్రిస్ట్ అనే స్కాట్లండ్ డాక్టరు. ఆయన కింద పనిచేసిన మున్షీలు మీర్ అమ్మన్, హైదర్ బఖ్ష్ హైదరీ, షేర్ అలీ అఫ్సోస్ లాంటివాళ్లు. మీర్ అమ్మన్ నలుగురు దర్వేషుల కిస్సాని ఢిల్లీ బోల్‌చాల్ ఉర్దూలో ‘బాగ్-ఓ-బహార్’గా రాశాడు. దొరలు ఆ కిస్సా చదివి పరీక్షలు రాసేవాళ్లు. రోటీ ఎందుకు ఆడదో, పానీ ఎందుకు మగవాడో, ఎవర్ని ఆప్ అనాలో ఎవర్ని తుమ్ అనాలో తెలియక వాళ్లు పడిన తంటాలు తలుచుకుంటే నాకు కాస్త సుకూన్‌గానే ఉంటుంది, అల్లాహ్ మాఫ్ చేయుగాక.

మన తెలుగు ఇలాకాలోనూ అదే కథ. కడపలో కొలువు చేసిన బ్రౌన్ దొర తెలుగు నేర్చుకుంటే సరిపోలేదు. కచేరీ కాగితాల్లో తెలుగు ఎంతో, జిల్లా, తహసీలు, వసూలు, దస్తావేజు లాంటి అరబీ-ఫార్సీ మాటలు అంత. వాటికోసం ఆయన విడిగా ఒక నిఘంటువే వేయాల్సొచ్చింది.

ఇప్పుడు లుత్ఫుల్లాహ్ సంగతికి వద్దాం. నాకు ఈయన కథంటే చాలా ఇష్టం, మన ఇళ్లలో మాత్రం ఈయన పేరు ఎవరికీ తెలియదు. 1802లో మాల్వాలోని ధార్‌లో పుట్టాడు. పెద్ద ఖాందాన్ ఆస్తులేమీ లేవు. కంపెనీ అఫ్సర్లకు ఫార్సీ, హిందుస్తానీ నేర్పే మున్షీగా బతికాడు. రోజూ తనముందు కూర్చునే షాగిర్దుల భాష తనకెందుకు రాకూడదనిపించింది. కానీ నేర్పే మదర్సా లేదు, కోచింగ్ సెంటర్ లేదు. చేతికి దొరికినవి గిల్‌క్రిస్ట్ కితాబులు. అవి ఇంగ్లీషువాళ్లు హిందుస్తానీ నేర్చుకోవడానికి రాసినవి. ఈయన వాటిని ఉల్టాగా చదివాడు. దొరకు తెలిసిన వైపు ఈయనకు తెలియదు, దొరకు తెలియని వైపు ఈయనకు కంఠతా వచ్చు. హిందుస్తానీ జుమ్లా చూసి, దాని పక్కనున్న ఇంగ్లీషు వాక్యం ఇదే అయ్యుండాలి కదా అని పట్టుకోవడం. గొళ్లెం లోపలినుంచి తీయాల్సిన తలుపుని బయటినుంచి తీసినట్టు.

ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లలో పది ఇంగ్లీషు మాటలు కంఠస్థం చేయకుండా, గిల్‌క్రిస్ట్ వ్యాకరణం కొన్ని పేజీలు తిప్పకుండా ఏ రాత్రీ పడుకోలేదని తనే రాసుకున్నాడు. లెక్కేయండి, 29 వేల మాటలు దాటుతాయి. సగం మర్చిపోయాడనుకున్నా మిగిలినవి ఈరోజు మన డిగ్రీ పిల్లలకు ఉన్నవాటికంటే ఎక్కువే. 1844లో సూరత్ నవాబు అల్లుడు మీర్ జాఫర్ అలీ ఖాన్‌తో కలిసి లండన్ వెళ్లాడు. తన జిందగీ కథంతా ఇంగ్లీషులో తనే రాశాడు. ఈస్ట్‌విక్ అనే దొర దాన్ని సరిచూసి అచ్చు వేయించాడు. కితాబు లండన్‌లో బయటికొచ్చింది 1857లో. అంటే ఇక్కడ గదర్ రగులుతున్న సంవత్సరంలోనే, అక్కడ ఒక ముసల్మాన్ రాసిన ఇంగ్లీషు పుస్తకం దుకాణాల్లో అమ్ముడుపోతోంది.

ఆయనకంటే ముందూ ఉన్నారు. పట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1784లో ఐర్లండ్‌లోని కార్క్ చేరి, అక్కడ ఇంగ్లీషు నేర్చుకుని, 1794లో తన సఫర్‌నామా అచ్చేశాడు. హిందుస్తానీ మనిషి ఇంగ్లీషులో రాసిన మొదటి పుస్తకం అదేనంటారు. తర్వాత లండన్‌లో హోటల్ తెరిచాడు, అది నడవలేదు. బ్రైటన్‌లో చంపీ స్నానాల దుకాణం పెట్టాడు, అది బాగా నడిచింది. మన ‘చంపీ’ వాళ్ల నోట్లో ‘షాంపూ’ అయిన సంగతి చాలామందికి తెలిసిందే.

మరి ఇలాంటివాళ్లున్న కౌమ్‌కి ఇంగ్లీషంటే ఖౌఫ్ ఎప్పుడు పట్టుకుంది? “మౌల్వీలు హరామన్నారు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు మనవాళ్లు. అది పూరా సచ్ కాదు. ఢిల్లీలో షా అబ్దుల్ అజీజ్ సాహెబ్, 1824లో వఫాత్ అయినవారు, జాయిజ్ పనికోసమైతే ఇంగ్లీషు చదవడం, ఆ లిపి నేర్చుకోవడం జాయిజే అని ఫత్వా ఇచ్చారు. అసలు జైద్ బిన్ సాబిత్ రజియల్లాహు అన్హును యూదుల లిపి నేర్చుకోమని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన హదీసు మన ఇళ్లలో పిల్లలక్కూడా తెలుసు. పదిహేను రోజులు తిరక్కుండానే నేర్చుకున్నారాయన. ఖౌఫ్ దీన్ నుంచి కాదు, రోటీ నుంచి, ఇజ్జత్ నుంచి వచ్చిందని నా ఖయాల్. 1837లో కంపెనీ సర్కారు అదాలత్‌లనుంచి ఫార్సీని తీసేసింది. 1844లో ఇంగ్లీషు చదివినవాళ్లకే కొలువుల్లో ముందు చోటు అని హుకుం వచ్చింది. తరతరాలుగా ఫార్సీ కలంతో బతికిన ఖాందాన్‌లు ఒక్కసారిగా అన్‌పఢ్ కింద లెక్క. పైగా ఇంగ్లీషు నేర్పే బడులు చాలావరకు పాద్రీలవి. నిన్నటిదాకా మున్షీని సలాం చేసి పిలిచిన దొర, ఇవాళ అతన్ని నౌకరీకి పనికిరావన్నాడు. అలాంటప్పుడు ఆ భాష మీద కోపం రాదా?

ఆ కోపం ఎంత దూరం పోయిందో నజీర్ అహ్మద్‌ని చూస్తే తెలుస్తుంది. ‘మిరాతుల్ ఉరూస్’ రాసిన డిప్టీ నజీర్ అహ్మద్ గారే. ఢిల్లీ కాలేజీలో ఆయన అరబీ శాఖలో చేరారు. ఇంగ్లీషు చదవడంకన్నా నువ్వు చచ్చిపోవడమే నాకు ఇష్టమన్నారట వాలిద్. వాలిద్ మాట కాదని కాలేజీలో ఇంగ్లీషు చదవలేదు. తర్వాత సొంతంగా నేర్చుకున్నారు. ఎంతగా అంటే, 1860లో వచ్చిన పీనల్ కోడ్‌ని ఉర్దూలోకి తెచ్చినవాళ్లలో ఆయనే ముఖ్యులు. ‘తాజీరాత్-ఎ-హింద్’ అన్న పేరు పాత హిందీ సినిమా అదాలత్ సీన్లలో మీరంతా విన్నదే. 1877లో సాలార్‌జంగ్ పిలుపుమీద హైదరాబాద్ వచ్చి నిజాం కొలువులో కొన్నేళ్లు పనిచేశారు కూడా.

సర్ సయ్యద్ గురించి అందరూ రాస్తారు గనక నేను ఎక్కువ రాయను. ఒక్క మాట. కౌమ్‌కి ఇంగ్లీషు తాలీమ్ కావాలని జిందగీ అంతా తిట్లు తిన్న ఆ మనిషికి ఇంగ్లీషు అంతంతమాత్రమే వచ్చు. అమ్మీకి ఈ సంగతి చెబితే మొదటిసారి నవ్వింది.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. 1880లో బెంగాల్‌లోని రంగ్‌పూర్ జిల్లాలో పుట్టిన రొకయా ఇంట్లో ఆడపిల్లలకు ఖుర్ఆన్ చదివించేవాళ్లు గానీ ఇంగ్లీషు, చివరికి బెంగాలీ కూడా మనా. పెద్దన్న ఇబ్రాహీం సాబిర్ కలకత్తాలో చదువుకుంటూ ఉండేవాడు. ఇంటికొచ్చినప్పుడు రాత్రి అందరూ పడుకున్నాక కొవ్వొత్తి వెలుగులో చెల్లెలికి దొంగచాటుగా ఇంగ్లీషు చెప్పేవాడు. ఏ, బీ, సీ, డీ కోసం ఒక పిల్ల ఇంటిల్లిపాదీ నిద్రపోయేదాకా మేలుకుని ఉండటం ఊహించుకోండి. నిఖా తర్వాత షౌహర్ సఖావత్ హుసేన్, భాగల్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్, ఆమె చదువుకు తోడు నిలిచాడు. ఆయన క్యాంపుకు వెళ్లిన రోజుల్లో ఒంటరిగా తోచక ఇంగ్లీషులో ఒక కథ రాసింది. మర్దులు జనానాలో కూర్చుని ఆడవాళ్లు రాజ్యమేలే ‘సుల్తానాస్ డ్రీమ్’. షౌహర్ తిరిగొచ్చి నిలబడే మొత్తం చదివాడంటారు. 1905లో మద్రాసు నుంచి వచ్చే ఒక ఆడవాళ్ల ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది. ఆయన వఫాత్ తర్వాత 1911లో ఆయన పేరుమీదే కలకత్తాలో ముసల్మాన్ ఆడపిల్లలకు స్కూలు పెట్టింది.

హైదరాబాద్‌లో దారి ఇంకోలా పోయింది. ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలన్నీ ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం అందరికీ లాజిమీ. దానికి ముందే 1917లో దారుల్ తర్జుమా పెట్టి కితాబులు ఉర్దూలోకి తేవడం మొదలుపెట్టారు. అంటే ఇంగ్లీషు ఒక మజ్మూన్‌గా ఉంటుంది, యజమానిగా కాదు. ఆ రోజుల్లోనే పిక్తాల్ అనే ఇంగ్లీషు ముసల్మాన్ 1925 నుంచి చాదర్‌ఘాట్ హైస్కూల్ ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన ఖుర్ఆన్ ఇంగ్లీషు తర్జుమా 1930లో వచ్చింది. 1937లో మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి ఇంగ్లీషు-ఉర్దూ లుగత్ వచ్చింది.

మా నానా మహబూబ్‌నగర్‌లో ఆ జమానా ఉర్దూ మీడియంలో చదివినవారు. ఆయన దగ్గర గ్రామర్ అంటే భయం ఉండేది కాదు, ఎందుకంటే దాని సామానంతా మన ఇంట్లోదే. ఇస్మ్, ఫేల్, హర్ఫ్. మాజీ, హాల్, ముస్తక్బిల్. “‘వెంట్’ కౌన్‌సా జమానా?” అని అడిగేవారు. “మాజీ, నానా” అనేవాళ్లం. ‘పాస్ట్ టెన్స్’ అన్న మాట నాకు తెలిసింది చాలా తర్వాత.

అమ్మీ కోసం ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. రెండు జుబాన్‌లు ఉండటం బరువు కాదు, అవి ఇద్దరు నౌకర్లు. ఒకరికి చేతకాని పని ఇంకొకరు చేస్తారు. తెలుగులో ‘ఇది పుస్తకం’ అంటే సరిపోతుంది, అందుకే తెలుగు పిల్లలు ఇంగ్లీషులో ‘ఈజ్’ మింగేస్తారు. మన దగ్గర ‘యే కితాబ్ హై’లో ‘హై’ ఉంది, దాన్నే ‘ఈజ్’ అనుకో అమ్మీ అన్నాను, ఒక్క పూటలో పట్టుకుంది. ‘క్యా తుమ్ చాయ్ పీతే హో?’లో ముందు కూర్చునే ‘క్యా’ లాంటిదే ‘డూ యూ డ్రింక్ టీ?’లో ‘డూ’. తెలుగులో ‘తాగుతావా’ అని సవాల్ చివర దీర్ఘంలో దాక్కుంటుంది, అక్కడ ఉర్దూయే మనకు దగ్గర దారి.

కొన్నిచోట్ల మాత్రం ఇద్దరు నౌకర్లూ చేతులెత్తేస్తారు. ‘మేరే దో భాయి హైఁ’, ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’. రెంటిలోనూ అన్నలు ఉంటారు గానీ నేను వాళ్లని కలిగి ఉండను. ఇంగ్లీషువాడు అన్నల్ని కూడా ‘హావ్’ అంటాడు, సామాను లాగా. ‘ముఝే భూక్ లగీ’, ‘నాకు ఆకలేస్తోంది’. మన దగ్గర ఆకలి బయటినుంచి వచ్చి తగులుతుంది. వాళ్ల దగ్గర ‘ఐ యామ్ హంగ్రీ’, మనిషి తనే ఆకలిగొన్నవాడైపోతాడు. అమ్మీ ‘టు మీ హంగ్రీ’ అంది. మా అమ్మాయి పకపకా నవ్వింది. నేను అమ్మాయిని కసిరాను. దాదీ తప్పు మాట్లాడలేదు, దక్కనీ ఆకలిని ఇంగ్లీషు బట్టల్లో పంపించింది, అంతే. ఇక ‘ఎ’, ‘ద’ల సంగతి నాకే సరిగా రాదు, దాన్ని అమ్మీకి ఇంకా మొదలుపెట్టలేదు.

రాత్రి ఇషా అయ్యాక పాత డైరీలో పది మాటలు. లుత్ఫుల్లాహ్ కథ విన్నప్పటినుంచి ఆ పది లెక్క ఆమే పెట్టుకుంది. ఇంగ్లీషు మాట ఉర్దూ లిపిలో, పక్కన అర్థం తెలుగులో. ఎందుకలా అంటే, “ఉర్దూ మే బోల్నా, తెలుగు మే సమఝ్నా” అంటుంది. ఈ వారం ‘ప్లీజ్’, ‘ఎక్స్‌క్యూజ్ మీ’, ‘కుడ్ యూ రిపీట్ దట్’ వరకు వచ్చాం. మూడోది టీచరమ్మ కోసం.

నిన్న ఒక సవాల్ వేసింది. “కలెక్టర్ సాబ్ కో భీ ‘యూ’, పోతీ కో భీ ‘యూ’. యే కైసీ తహ్జీబ్ హై?”

చెప్పాను. వాళ్లకూ ఒకప్పుడు ‘తూ’ ఉండేది అమ్మీ, దాన్ని ‘దౌ’ అనేవాళ్లు. ‘యూ’ అనేది నలుగురికీ, పెద్దవాళ్లకీ వాడే మాట, మన ఆప్ లాగా. అదబ్ కోసం ఒకరినొకరు ‘యూ’, ‘యూ’ అనుకుంటూ పోయి, చివరికి బోల్‌చాల్‌లో ‘దౌ’ మాయమైపోయింది. ఇప్పుడు వాళ్ల దగ్గర మిగిలింది ఆప్ ఒక్కటే.

అమ్మీ కాసేపు ఆలోచించి, డైరీలో ‘యూ’ పక్కన తెలుగులో ‘మీరు’ అని రాసుకుంది. “అచ్ఛా, తో అంగ్రేజ్ లోగాఁ కుత్తే కో భీ ఆప్ బోల్తే” అని లైటు తీసేసింది.