టీటీ రంగనాథన్ ఫౌండేషన్: ఊళ్లోనే మందు మాన్పించే క్యాంపు

తాగుడు వ్యసనంతో టీటీ రంగనాథన్ 1979లో చనిపోయారు. మరుసటి ఏడాదే ఆయన భార్య శాంతి రంగనాథన్, టీటీకే కుటుంబం అండతో చెన్నైలో ఆయన పేరిట ఈ సంస్థ పెట్టారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

తమిళనాడులోని మంజక్కుడి లాంటి పల్లెల్లో ఈ సంస్థ 15 రోజుల క్యాంపులు పెట్టింది. ఊళ్లోనే మందులు, కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్లకూ క్లాసులు. తర్వాత ఫాలోఅప్.

కూలి వదులుకుని పట్నంలో రోజుల తరబడి ఉండలేని మారేడుమిల్లి కొండ ఊళ్లకు సరిపోయే పద్ధతి ఇదే.

ఒక జాగ్రత్త: రోజూ బాగా తాగేవాళ్లను గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు. పరువు పోతుందని దాచకండి, డాక్టర్‌కు చూపించండి. జాతీయ హెల్ప్‌లైన్ 14446, ఉచితం.