పెనుగొండ గగనమహలు

క్రీ.శ. 1565లో రాక్షసి-తంగడి యుద్ధానంతరము విజయనగరము అగ్నికి ఆహుతి యయ్యెను. రాజసౌధముల పైకట్టడములు కొయ్యవగుటచే దగ్ధములయ్యెను. త్రవ్వకములలో బయల్పడినవి ఱాతి అధిష్ఠానములే. ఱాతిగోడలును కొయ్యకప్పును గల పత్తిమిల్లునకు నిప్పంటుకొన్నను జరుగునది ఇదియే: కప్పు కూలును, గోడ నిలుచును.

తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు మార్చెను. అచ్చటి గగనమహలు ఇటుక, ఱాయి, గచ్చులతో రెండంతస్తులుగా కట్టబడి నేటికిని నిలిచియున్నది. క్రింద కమానులు, పైన దేవాలయ శిఖరమును బోలిన గోపురము. ఈ కమానులను జూచి ఓడినవారు గెలిచినవారిని అనుకరించిరని కొందఱందురు. మే మొప్పుకొనము, యుద్ధమునకు పూర్వమే విజయనగరములో ఈ మిశ్రమ శిల్పము వర్ధిల్లినది.

నిప్పు తాకని ఈ మేడను రావిమొలకలకు విడువరాదని పోషకమహాశయులకు మా మనవి. పెనుగొండ 2022లో అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.